మాయలోకములు – మనయూరి అరుగులు



ఈ సాయంకాలము నేను ముచ్చటింపబూనినది ఎన్నడును లేని ఊళ్ళను గుఱించి, ఎవ్వరును ఎక్కని కొండలను గుఱించి, పుట్టని రాజకుమారులను గుఱించి. అట్టివానిని మన పల్లెలలో జనులు కూడి చదువుకొనుట యొకప్పుడుండెను. అదియు నొక విషయమా యని నవ్వువారుందురు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో ఉపాధ్యాయుడనై తిరిగిన నాకు ఆ నవ్వు క్రొత్త కాదు. "మాయల కథలు చదివి మా పిల్లవాడు చెడిపోవుచున్నా"డని తండ్రి యొకడు, "నాకు వచ్చిన కథలు వినువారే లేరాయె"నని తాత యొకడు, ఒకే యరుగుమీద కూర్చుండి చెప్పుకొనగా వింటిని. తాత చెప్పుటకు సిద్ధముగా నున్నాడు. మనుమడు చదువుచునే యున్నాడు. నడుమ అడుగువాడు లేడు. నేను చెప్పదలచినదంతయు ఈ అడుగువానిని గుఱించియే.

మొదట మన జిల్లాలోనే పుట్టిన యద్భుతము నొకదానిని తలచుకొందము. వేంపల్లె దాపున పాపఘ్ని పాలకొండలను చీల్చుకొని వచ్చుచోటు గండి. శ్రీరామునకు స్వాగతముగా వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణము కట్టెననియు, అది సామాన్యుల కంటికి కనబడదనియు, మరణ మాసన్నమైన పుణ్యాత్మునకు మాత్రమే గోచరించుననియు ఐతిహ్యము. దత్తమండలములకు కలెక్టరుగా నుండి పిదప చెన్నరాజధానికి గవర్నరైన తామస్ మన్రో ఆ దారిని పోవుచు తలయెత్తి, ఆ తోరణ మేమని ప్రక్కవారి నడిగెనట. వారి కేమియు కనబడలేదట. 1827 జూలైలో ఆయన పత్తికొండయందు కలరాచే మరణించెను. మన్రోదొర మరణము చరిత్ర, తోరణము కథ, రెంటిని ముడివేసినది మన జనుల నోరు. చూచిన వాడొక్కడు, ఆ యొక్కడైనను చూచెనో లేదో దేవునికెఱుక. ఐనను నేనెఱిగిన ముసలమ్మ యొకతె, ఎన్నడును ఆ తోరణమును చూడనిది, ఏ కొండకొననుండి ఏ కొండకొనకు అది కట్టబడినదో వ్రేలు చాచి చూపినది. కంటికి కనబడని వస్తువు నాలుగు నోళ్ళలో పడి ఊరి యుమ్మడిసొత్తగుట ఇట్లే.

ఇక పుస్తకములలోనికి పోదము. కాశీమజిలీ కథలను మీలో పెక్కురు చదివియే యుందురు. మధిర సుబ్బన్న దీక్షితులవారు (1868–1928) పండ్రెండు భాగములుగా వ్రాసిన గ్రంథమది. అందు మణిసిద్ధుడను బ్రాహ్మణుడు కాశికి పోదలచి, తోడెవ్వరును దొరకక, తుదకు పశువుల కాపరియగు కుఱ్ఱవాని నొకనిని వెంట రమ్మనును. ఆ కుఱ్ఱవానికి పుణ్యముమీద ఆశ లేదు; కాశిమీద అంతకంటెను లేదు. దారిలో తాను చూచిన వింతను గుఱించి యడిగినప్పుడెల్ల కథ చెప్పవలెననియు, చెప్పనినాడు అచ్చటినుండియే వెనుకకు మఱలుదుననియు షరతు పెట్టును. మజిలీ చేరిన పిమ్మట వాడు ఊరిలోనికి పోయి ఏదో యొక వింత చూచివచ్చి యడుగును. బ్రాహ్మణుడు తనయొద్దనున్న మణి ప్రభావమున దాని వృత్తాంతమెల్ల తెలిసికొని చెప్పును. దీక్షితులవారి ఊహాశక్తిని మెచ్చనివారు లేరు. నాకు మాత్రము అంతకంటెను మెచ్చదగినదిగా తోచునది ఆ గొల్లపిల్లవాని షరతు. వాడడుగకున్న ఆ మణి మూటలోనే యుండెడిది; పండ్రెండు భాగములలో ఒక్క పుటయు పుట్టకుండెడిది.

కాశికి నిజముగా పోయి వ్రాసినవారును మనకు గలరు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్టణము విడిచి మన కడపమీదుగా అహోబిలమునకు పోయి, ఆ పిమ్మట కాశి చేరి, ప్రతి మజిలీయందును చూచినది చూచినట్లు వ్రాసిరి. ఏ ఊర నీళ్ళు మంచివో, ఎచ్చట అంగళ్ళు దొరకునో తెలియగోరువారి కది వంటి గ్రంథము మఱియొకటి లేదు. కాని రాత్రివేళ అరుగుమీద పదిమందిని కూర్చుండబెట్టి చదివించుకొన్నది మణిసిద్ధుని కాశియే గాని వీరాస్వామయ్యగారి కాశి కాదు. ఎందుచేత? నిజమైన దారినిగుఱించి అడుగుటకు అంతగా ప్రశ్నలుండవు. లేని దారి ప్రశ్నలచేతనే సాగును.

వినువారు లేని కథకుని దుఃఖమెట్టిదో గుణాఢ్యుని కథ చెప్పుచున్నది. కాశ్మీరదేశపు సోమదేవుడు పదునొకండవ శతాబ్దమున కూర్చిన కథాసరిత్సాగరమందు ఇది యున్నది. గుణాఢ్యుడు వింధ్యాటవిలో నుండి పైశాచీభాషయందు ఏడులక్షల శ్లోకముల కథ వ్రాసి సాతవాహనరాజునకు పంపగా, పిశాచభాష యని రాజు త్రోసివేసెనట. కవి కొండమీద అగ్నికుండమును రగిల్చి, ఒక్కొక్క పత్రమును చదివి మృగములకు వినిపించుచు నిప్పులో వేయసాగెను. మృగములు మేత మఱచి కన్నీరు కార్చుచు చుట్టును నిలిచి వినెను. రాజు పరుగెత్తి వచ్చునప్పటికి ఆఱులక్షలు బూడిదయై ఒక్కలక్షయే మిగిలినది. ఆ బృహత్కథయు నేడు మూలరూపమున దొరకదు. అతడు గ్రంథమును కాల్చునప్పుడు సైతము వినిపించిన తరువాతనే కాల్చెను, చూడుడు. జింకలైనను సరే, ఎవరో యొకరు వినవలెను.

నా చిన్ననాడు మా పల్లెకు వచ్చిన అద్భుతకథలు చందమామవి. 1947 జూలైలో, స్వాతంత్ర్యమునకు నెలముందు, చెన్నపట్టణమునుండి తెలుగునను అరవమునను ఈ మాసపత్రిక వెలువడెను. స్థాపించిన నాగిరెడ్డిగారు 1912లో మన కడపజిల్లా పొట్టిపాడులో పుట్టినవారు, చక్రపాణిగారు తెనాలివారు. మనజిల్లావా రగుటచే నాకు లోలోపల కొంత గర్వము లేకపోలేదు. పత్రికల కట్టలు ముద్దనూరు స్టేషనులో రైలు దిగి, ఉత్తరముగా జమ్మలమడుగునకును దక్షిణముగా పులివెందులకును బస్సుపైకెక్కి పోయెడివి. మా యూరికి టపామనిషి తెచ్చునది ఒక్క ప్రతి. దానికి చందా కట్టినది ఒక్క యిల్లు, చదువుకొన్నది ఊరంతయు.

చెనిక్కాయలు ఒలుచు రాత్రులలో చదువు బాగుగ సాగెడిది. చేతులకు పని, చెవులకు తీరిక. గొంతు గల పిల్లవాడొకడు లాంతరుదగ్గఱ కూర్చుండి చదువును. బేతాళకథ వచ్చినప్పుడు, బేతాళుని ప్రశ్నవఱకు చదివి పుస్తకము మూయవలెను. ఇది మా యూరి కట్టుబాటు. రాజు చెప్పిన సమాధానము ఆ క్రింది పంక్తిలోనే అచ్చై యున్నను ఎవ్వరును తొంగిచూడరాదు. మొదట అరుగుమీదివారు తీర్పు చెప్పవలెను, పిదప విక్రమార్కుడు.

ఒక వానకాలమున పత్రిక రాక ఆలస్యమై, పాత బేతాళపంచవింశతి పుస్తకమును తీసితిమి. అందు తలలు తాఱుమాఱైన కథ మీరెఱిగినదే. భర్తయు అన్నయు దేవిగుడిలో తలలు తఱిగికొని పడియుండగా, దేవి యనుగ్రహమున వారిని బ్రదికించుకొనబోయిన ఆ చిన్నది తొందరలో ఒకని తల మఱియొకని మొండెమునకు అదుకును. ఇద్దఱును లేచి కూర్చుందురు. ఇప్పు డామె భర్త యెవడు? పుస్తకము మూసితిమి. ఒక కాపుపెద్ద, "తలదేముంది, మాటలు చెప్తుంది. మడక పట్టేది చెయ్యి గదప్పా. చెయ్యి యెవునిదో వాడే మొగుడు" అనెను. కోర్టుపక్షులలో ఆఱితేరిన యింకొకరు, "అట్లయితే కాగితం మీద సాక్షి యేం జూసి గుర్తుపడతాడు? మొగం జూసే గదా" అనిరి. వాదము పెరిగి చెనిక్కాయల చేటలు నిలిచిపోయెను. అంతలో తలుపుచాటునుండి మా జేజి, "మీరంతా సరేగానీ, ఆ పిల్లనెవురన్నా అడిగినారా?" అని పలికినది. అరుగుమీద మాట లేదు. పుస్తకము తెఱచి చూడగా, అవయవములలో తల ప్రధానము గనుక భర్త తల గలవాడే భర్త యని రాజు చెప్పియున్నాడు. జేజికి ఆ తీర్పు రుచింపలేదు. ఆమె సమాధానము ఏ పుస్తకమందును లేదు. పుస్తకమును ఒక్కడనే లాంతరుక్రింద చదువుకొనియుండినచో నాకును ఆ ప్రశ్న తోచెడిది కాదు.

బేతాళకథ ఒకరాత్రిలో తీరును. సీరియలుకథ యట్లు కాదు. తోకచుక్క, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, యక్షపర్వతము – ఇవి నెలకొక భాగముచొప్పున సంవత్సరమునకు పైగా నడచెడివి. వీరుడు గుహలో చిక్కినచోట ఆ నెల ముగియును. తక్కిన ముప్పది దినములు కథ మా చేతిలో నుండెడిది. "ఏమబ్బీ, ఆ మాంత్రికుడు బతికినాడా, సచ్చినాడా?" యని మడక తోలుచు పొలములోనుండి కేకవేసి యడిగినవారు గలరు. ఎవనికి వాడు రాబోవు భాగమును కట్టుకొని చెప్పెడివాడు. అచ్చులో వచ్చినది మా కల్పనకంటె తక్కువగా నున్ననెలలును లేకపోలేదు.

రాకాసిలోయ ఎచ్చట నున్నదను విషయమున మాకు పెద్దతగవు. జమ్మలమడుగు ప్రాంతమువాడనైన నాకు అది గండికోట క్రింది పెన్న లోయ తప్ప మఱియొకటి కానేరదు. అంత నిట్టనిలువు ఎఱ్ఱబండలు, అడుగున సన్నని నీరు. రాకాసి వేఱొకచోట నేల యుండును? పులివెందులలోని మా మేనత్త కొడుకులకు అది పాపఘ్ని గండి. ఒక పెండ్లిలో కలిసి దీనిమీద జుట్టుజుట్టు పట్టుకొనువఱకు వచ్చినది. ప్రొద్దుటూరి బంధువొకడు, తమ యూర లోయ లేనందున, మాంత్రికుని బంగారమంతయు తమ బజారులోనే కరగునని చెప్పి తన వాటా తాను దక్కించుకొనెను. కథ వ్రాసినవారు మన లోయలను తలచి యుండిరో లేదో. మేము మాత్రము ఆ పరలోకమును మా యూళ్ళనడుమ పంచుకొంటిమి. ఇప్పటికిని గండికోట అంచున నిలిచినప్పుడు నాకు తెలిసిన చరిత్ర కంటె ఆ కథయే ముందుగా గురుతునకు వచ్చును.

ఆ కాలమును మఱీ పొగడుట నాకిష్టము లేదు. అరుగుమీద కూర్చుండుటకు అందఱికిని చోటు లేకుండెను. కొందఱు అరుగుమీద, కొందఱు మెట్లమీద, మాలమాదిగల పిల్లలు వీధిలో దూరముగా నిలిచి విన్నారు. ఆడువారు తలుపుచాటున నుండిరి. చదువు గొంతు పెద్దదగుటచేత కథ అందఱికిని చేరెను. ప్రశ్న యడుగు స్వాతంత్ర్యము మాత్రము అందఱికిని చేరలేదు. వీధిలో నిలిచిన పిల్లలు ఆ రాకాసిలోయను ఎచ్చట చూచుకొనిరో మేమెన్నడును అడుగలేదు.

వెండితెరను గుఱించి ఒక్కమాట. కాశీమజిలీలలోని కథ నాధారము చేసికొని 1951లో నాగిరెడ్డి చక్రపాణిగార్లు పాతాళభైరవి తీసిరి. దర్శకులు కె. వి. రెడ్డిగారు తాడిపత్రివారు, అనగా పెన్న మన సీమకు వచ్చుటకు ముందు దాటివచ్చు ఊరివారు. అది చూచి వచ్చినవారు చూడనివారికి రాత్రులతరబడి చెప్పిరి. చూడనివారే మిక్కిలి బాగుగ జ్ఞాపకముంచుకొనిరని నా అనుమానము.

ఇక పెద్దల యాక్షేపణకు వత్తును. ఇవి అబద్ధములు కావా, మూఢనమ్మకములు నేర్పవా యందురు. 1952 మొదలు చందమామ సంపాదకత్వభారమును వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారు పేరుపొందిన హేతువాదులు. సీరియళ్ళు వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యముగారు ఆ పత్రికలో సుమారు అర్ధశతాబ్దము పనిచేసి, 2010లో మరణించిరి. ఆ కథలక్రింద పేరు లేకపోవుటచే, రచయిత యెవరో మావంటివారికి చిరకాలము తెలియదు. భూతవైద్యుని నమ్ముమని వారు చెప్పలేదు. కల్పితమని తెలిసి వినుట వేఱు, నిజమని నమ్మి మోసపోవుట వేఱు. ఈ భేదమును పిల్లలు పెద్దలకంటె త్వరగా గ్రహింతురు. మా యూర రాకాసి కథ విని నవ్విన పిల్లలే, తాయెత్తులమ్మవచ్చిన వానిని గూడ చూచి నవ్విరి, డబ్బిచ్చినవారు పెద్దలు.

కల్పన మనకు పరదేశమునుండి వచ్చినదియు గాదు. నాలుగువందల యేండ్లకు పూర్వమే, మనకు చేరువనున్న నంద్యాల ప్రభువు కృష్ణరాజునకు పింగళి సూరన తన కళాపూర్ణోదయము నంకితమిచ్చెను. అందు బ్రహ్మ సరస్వతితో వినోదముగా ఒక కథ చెప్పగా, ఆ కథలోనివారు భూమిమీద పుట్టి ఆ కథ ప్రకారమే బ్రదుకుదురు. కథ ముందు, లోకము తరువాత. ఇంతకంటె సాహసమైన ఊహను నేటి యే దేశపు రచయితయందును నేను చూడలేదు.

సీమదేశమునను ఇట్టిదే యొకటి జరిగినది. ఇంగ్లండులో హావర్తు అను చిన్నయూర బ్రాంటీ యను మతాచార్యుని ఇంట నలుగురు పిల్లలు మిగిలిరి. తల్లియు, ఇద్దఱు పెద్దక్కలును అప్పటికే మరణించిరి. 1826 జూన్‌లో తండ్రి కొడుకునకు పండ్రెండు కొయ్యసిపాయిలను తెచ్చియిచ్చెను. తలకొక సిపాయిని తీసికొని పేర్లు పెట్టి, వారికొక పట్టణము, పిదప రాజ్యములు, యుద్ధములు, పత్రికలు కల్పించిరి. అరచేతిలో నిముడు పుస్తకములు కుట్టి, చీమతలలవంటి అక్షరములతో నింపిరి. ఏండ్లతరబడి ఒకరి కల్పనకు మఱియొకరు బదులు వ్రాసిరి. వారిలో షార్లెట్టు, ఎమిలీ, ఆన్ అను ముగ్గురాడుపిల్లల నవలలు 1847లో వెలువడి ఆ భాషలో స్థిరముగా నిలిచినవి. మూడు చావులు జరిగిన యింట ఆ పిల్లలను బ్రదికించినది ఒండొరుల ఊహను వినుటయే యని నా తలంపు.

చందమామ 2013 ప్రాంతమున నిలిచిపోయినది. అందలి సీరియళ్ళు పుస్తకములుగా మఱల అచ్చైనవి. పిల్లలు చదువుట మానలేదు. 1997లో మొదలైన హారీ పాటరు పుస్తకములను మన ప్రొద్దుటూరి పిల్లలు ఇంగ్లీషునందే చదువుచున్నారు, ఫోనులోను చదువుచున్నారు. మాఱినది చదువు కాదు. పుస్తకము మూసినప్పుడు ఎదుట ఎవరును లేరు. పిల్లవాడు తెల్లవార్లు ఒక లోకములో తిరిగివచ్చి ప్రొద్దున అన్నముదగ్గఱ కూర్చుండును. మనము మార్కులను గుఱించి అడుగుదుము.

అడుగవలసిన ప్రశ్న యొక్కటే: "ఇప్పుడు నీవే లోకములో నున్నావు?" అడిగిన పిమ్మట ఓపిక పట్టవలెను. పేర్లు నోరు తిరుగవు, కథ వెనుకముందులగును. మధ్యలో "దీనివలన తెలిసిన నీతి యేమి?" యని మాత్రము అడుగరాదు. ఆ మాటతో పిల్లవాడు బడిలో నిలుచున్నట్లు నిలుచుండిపోవును, తిరిగి చెప్పడు. ఆ లోకములో దారులెట్లుండును, అచ్చటివారేమి తిందురు, అప్పు తీర్చనివానిని ఏమి చేయుదురు – ఇట్టివి యడుగుడు. సేద్యముచేయు పెద్దలకు ఇట్టి ప్రశ్నలు సులభముగా తోచును. గ్రంథకర్తకు తోచనివియు తోచును. మన మూడుపట్టణములలోను గ్రంథాలయములున్నవి. ఆదివారమునాడు తాతమనుమలు కూడి పోయి, ఎవరి పుస్తకపు లోకమును వారు పదినిమిషములు చెప్పుకొనుటకు ఎవరి సెలవును అక్కఱలేదు. ఈమాఱు వీధిలో ఎవ్వరును నిలువనక్కఱలేకుండ బల్లలు వేయుడు.

ప్రొద్దుటూరిలో నాకు తెలిసిన యింట ఒక బాలిక ఆ ఇంగ్లీషు మంత్రవిద్యాశాలను గుఱించి తన యబ్బకు గంటసేపు చెప్పినది. ఆయన వినివిని, "గోడలో దూరి పోయే రైలా? మా కథలో చెట్టుతొఱ్ఱలో దూరి పోతారు" అనెను. ఏ కథ యని ఆమె యడిగినది. అటక దింపి కాశీమజిలీల మొదటి భాగము తీసిరి. చెదలు పట్టి చివరి పుటలు లేవు. బాలిక షరతు పెట్టినది: దినమునకొక మజిలీ, నడుమ నిద్రపోరాదు. మొన్న విచారింపగా, ఆ యింట మూడవ మజిలీ నడచుచున్నదని చెప్పిరి. పోయిన పుటలున్న ప్రతికొఱకు వెదకుచున్నారు.